క్వార్టర్ల లెక్కతో మొదలుపెట్టండి: మద్యం అలవాటును పసిగట్టడం, మాన్పడానికి సాయపడటం

పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, విలేజ్ హెల్త్ క్లినిక్, పీహెచ్‌సీల్లో పనిచేసే ఆశాలు, ఏఎన్ఎంలు, నర్సులు, డాక్టర్ల కోసం రాసిన పద్ధతి ఇది. ఇంట్లో తాగేవాళ్లున్న కుటుంబాలకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. చేయాల్సినవి మూడు పనులు. ఎంత తాగుతున్నారో అంకెల్లో తెలుసుకోవాలి. ఆ అంకెను బట్టి ఎవరికి ఏ సాయం కావాలో తేల్చుకోవాలి. ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదంలో పడేవాళ్లెవరో ముందే గుర్తుపట్టాలి. మొదటి రెండింట్లో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు, మూడోదాంట్లో జరిగితే ప్రాణం పోవచ్చు.

ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వాళ్లలో 5.7 కోట్ల మందికి సాయం అవసరమని అందులో తేలింది. మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే. మిగతా 37 మంది బీపీ మాత్రలకో, కడుపు మంటకో, బండి మీద నుంచి పడి తగిలిన దెబ్బకో ఓపీకి వస్తూనే ఉంటారు. వాళ్లను ఎవరూ అడగరు.

అడిగే తీరు

మన భాషలోనే ఒక చిక్కుంది. ‘మందు’ అంటే మాత్ర, ‘మందు’ అంటే బ్రాందీ. ఓపీలో కూర్చుని "మందు వాడుతున్నారా?" అంటే బీపీ మాత్ర సంగతి చెబుతారు. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగితే "అబ్బే, లేవండీ" అన్న జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఎందుకంటే ఆ ప్రశ్నలోనే తప్పు పట్టే గొంతు వినిపిస్తుంది. ఇంకో సంగతి, కల్లు తాగేవాళ్లు చాలామంది దాన్ని మద్యంగా లెక్కే వేయరు. "మందు ముట్టనమ్మా" అన్న మనిషి రోజూ పొద్దుటా సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్తుండవచ్చు. బీరు సంగతీ అంతే. అందుకే పేరు పెట్టి అడగండి: "బ్రాందీ, విస్కీ, బీరు, కల్లు, నాటుసారా, గుడుంబా... వీటిలో ఏదైనా ఈ ఏడాదిలో తాగారా?"

దానికి ముందు ఒక్క వాక్యం చెప్పాలి: "బీపీ, షుగర్ చూసినట్టే ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లనీ ఇది అడుగుతాం, మీకు చెప్పడం ఇష్టమేనా?" ఈ మాటతో ‘నన్నే ఎందుకు అడుగుతున్నారు’ అన్న ఉక్రోషం సగం చల్లారుతుంది. నిజంగానే ప్రతివాళ్లనీ అడగండి, ఆడవాళ్లనీ వయసు మళ్లినవాళ్లనీ వదలొద్దు. గర్భిణులను తప్పకుండా అడగాలి, కడుపుతో ఉన్నప్పుడు ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదు ఏదీ లేదు. భార్య, అత్తగారు, పక్కింటివాళ్లు వినే చోట అడగొద్దు. ఆశా కార్యకర్త ఆ వీధిలోనే ఉంటారు కాబట్టి "నా పుస్తకంలో రాసింది ఊళ్లోకి పోదు" అని నోరు తెరిచి చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి. తాగి ఉన్న మనిషిని అడగొద్దు, మర్నాడు రమ్మనండి.

"అప్పుడప్పుడు" అన్న జవాబును అక్కడే వదలొద్దు. "పోయిన వారంలో ఎన్ని రోజులు?" అనడగండి. ఎంత అన్నప్పుడు తక్కువ అంకె మనమే అందిస్తే దాన్నే పట్టుకుంటారు. "కూర్చుంటే హాఫ్ అవుతుందా, ఫుల్ అవుతుందా?" అని మామూలు గొంతుతో అడిగితే, "అంత లేదమ్మా, క్వార్టరే" అని అసలు లెక్క వాళ్లే చెబుతారు.

సీసాలను డ్రింకులుగా మార్చడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల అసలు ఆల్కహాల్. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీ, రమ్ముల్లో ఆల్కహాల్ 42.8 శాతం. కాబట్టి 30 మి.లీ. పెగ్గు ఒక డ్రింకు. నైంటీ 3. క్వార్టర్, అంటే 180 మి.లీ., 6. హాఫ్, అంటే 375 మి.లీ., పన్నెండున్నర. ఫుల్లు 25. పెద్ద సీసా బీరు 650 మి.లీ. ఉంటుంది. 5 శాతం మామూలు బీరైతే రెండున్నర డ్రింకులు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 4. "బీరే కదా" అనుకుంటూ రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాళ్లు క్వార్టర్ కన్నా ఎక్కువే తాగినట్టు. కల్లు పులిసేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది, కచ్చితమైన లెక్క దొరకదు. సీసా కల్లును మామూలు బీరు కింద జమ వేసుకోండి. నాటుసారాకు నమ్మదగ్గ లెక్కే లేదు, ఎన్ని గ్లాసులో మాత్రం రాసుకోండి.

పది ప్రశ్నలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, మొత్తం 40 మార్కులు. మన ఓపీల్లో అడగడానికి ఇదే మేలు. ‘కేజ్’ అనే నాలుగు ప్రశ్నల పద్ధతి కూడా ఉంది కానీ, అది బాగా ముదిరినవాళ్లనే పట్టుకుంటుంది. ఇప్పుడిప్పుడే దారి తప్పుతున్నవాళ్లు అందులోంచి జారిపోతారు. మాట సాయంతోనే మారగలిగేది వాళ్లే.

1. ఎన్నాళ్లకోసారి తాగుతారు? (అసలు లేదు 0, నెలకోసారి లేదా అంతకన్నా తక్కువ 1, నెలకు 2–4 సార్లు 2, వారానికి 2–3 సార్లు 3, వారానికి 4 లేదా ఎక్కువ సార్లు 4)
2. తాగిన రోజున ఎన్ని డ్రింకులు? (1–2 అయితే 0, 3–4 అయితే 1, 5–6 అయితే 2, 7–9 అయితే 3, 10 లేదా ఆపైన అయితే 4)
3. ఒకే విడతలో 6 డ్రింకులు, అంటే క్వార్టర్ లేదా ఆపైన, ఎన్నాళ్లకోసారి?
4. మొదలుపెట్టాక ఆపుకోలేకపోవడం ఎన్నాళ్లకోసారి?
5. తాగుడు వల్ల చేయాల్సిన పని చేయలేకపోవడం?
6. రాత్రి ఎక్కువై, పొద్దున లేవగానే ఒళ్లు కుదురుకోవడానికి మళ్లీ వేసుకోవాల్సి రావడం?
7. తాగినందుకు తర్వాత మనసు పీకడం?
8. రాత్రి ఏం జరిగిందో గుర్తు లేకపోవడం?
9. మీరు తాగడం వల్ల మీకు గానీ ఇంకొకరికి గానీ దెబ్బలు తగిలాయా?
10. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, డాక్టరు ఎవరైనా తగ్గించమని చెప్పారా?

మూడు నుంచి ఎనిమిది దాకా మార్కులు ఒకే తీరు: ఎప్పుడూ లేదు 0, నెలకోసారి కన్నా తక్కువ 1, నెలకోసారి 2, వారానికోసారి 3, రోజూ లేదా ఇంచుమించు రోజూ 4. చివరి రెండింటికి తేడా ఉంది: లేదు 0, ఉంది కానీ ఈ ఏడాదిలో కాదు 2, ఈ ఏడాదిలోనే 4. ఈ రెండింటికీ 1, 3 మార్కులుండవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

మొదటి ప్రశ్నకు ‘అసలు లేదు’ అంటే నేరుగా తొమ్మిదికి వెళ్లండి. రెండు, మూడు ప్రశ్నలు కలిపి సున్నా వచ్చినా అంతే. ఓపీ కిటకిటలాడుతుంటే మొదటి మూడే అడగండి. వాటిలో మగవాళ్లకు 4, ఆడవాళ్లకు 3 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మిగతా ఏడూ అడగండి.

బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పును అంచనా వేయడానికి ఆశాలు నింపే సీబ్యాక్ ఫారంలో మద్యం గురించి ఉన్నది ఒకే ప్రశ్న, రోజూ మద్యం తాగుతారా అని. ఆదివారాల్లో మాత్రమే హాఫ్ తాగే మేస్త్రీ దానికి ‘లేదు’ అంటాడు, అబద్ధం కాదు. అదే మనిషిని ఆడిట్‌తో చూడండి: నెలకు నాలుగుసార్లు కాబట్టి 2, పన్నెండు డ్రింకులు కాబట్టి 4, వారానికోసారి క్వార్టర్ దాటుతోంది కాబట్టి 3. మూడు ప్రశ్నలకే 9 మార్కులు. సీబ్యాక్‌లో ‘లేదు’ పడిందని వదిలేయకండి, ఈ మూడూ కూడా అడగండి.

మార్కులొచ్చాక

7 వరకైతే నాలుగు మంచి మాటలు చెప్పి పంపండి. బండి నడిపేవాళ్లైతే ఒక సంగతి చేర్చండి. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు, శరీరం గంటకు సుమారు ఒక డ్రింకునే కరిగించగలదు. రాత్రి పదకొండింటికి హాఫ్ ముగించిన లారీ డ్రైవరుకు తెల్లారి ఆరింటికి కూడా నిషా పూర్తిగా దిగి ఉండదు.

8–15 మధ్య ఉంటే ఐదు పది నిమిషాల సలహా. 16–19 ఉంటే రెండు మూడు విడతల కౌన్సెలింగు, మళ్లీ మళ్లీ చూడటం. 20 లేదా ఆపైన వస్తే బానిసత్వం ఉందేమో డాక్టరు పరీక్షించి తేల్చాలి, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి పంపాలి. మొత్తం తక్కువున్నా 4, 5, 6 ప్రశ్నల్లో మార్కులు పడితే తేలిగ్గా తీసుకోవద్దు. ముఖ్యంగా ఆరో ప్రశ్న. పొద్దున్నే వేసుకోకపోతే చెయ్యి నిలవనివాళ్లకు మొత్తం 14 వచ్చినా ‘రేపటి నుంచి మానెయ్యి’ అనకూడదు. ఎందుకో కింద ఉంది.

గర్భిణులు, ఫిట్స్ ఉన్నవాళ్లు, కామెర్లు లేదా కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, టీబీ మాత్రలు వాడేవాళ్లు ఏ మార్కుల్లో ఉన్నా పూర్తిగా మానడమే లక్ష్యం. టీబీ మాత్రలు, మద్యం రెండూ కాలేయం మీదే పడతాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. తూలుతుంటే తాగి ఉన్నాడనుకుని ఎవరూ పట్టించుకోరు.

ఐదు నిమిషాల మాట

ఈ మాట ఉపన్యాసం కాకూడదు. ఎక్కువ వాళ్లే మాట్లాడాలి. వరస ఇలా ఉంటే బాగుంటుంది.

మొదట వాళ్ల లెక్కనే వాళ్ల ముందు పెట్టండి, వాళ్లు ఏ కష్టంతో వచ్చారో దానికి కలపండి. "అన్నా, వారానికి నాలుగు క్వార్టర్లు అన్నారు. అంటే 24 డ్రింకులు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నా 160కి దిగట్లేదు. బ్రాందీ వల్ల కూడా బీపీ పెరుగుతుంది. దీని గురించి మీకేమనిపిస్తోంది?" ఆ తర్వాత మీరు ఆగాలి. పది సెకన్ల మౌనం భరించలేక మనమే మాట్లాడేస్తే అసలు మాట రాదు.

తర్వాత నిర్ణయం ఆయన చేతిలోనే పెడుతూ సలహాను సూటిగా చెప్పండి: "తగ్గించడమా, మానడమా అన్నది మీ ఇష్టం. మానితే బీపీ త్వరగా దారికొస్తుందని నా సలహా." దారులు ఒకటికి నాలుగు చూపించండి: వారంలో నాలుగు రోజులు ముట్టకపోవడం, క్వార్టర్ బదులు నైంటీతో ఆపడం, అన్నం తిన్నాకే తాగడం, కూలి డబ్బు చేతికందిన రోజున వైన్స్ లేని దారిలో ఇంటికెళ్లడం, ఇంట్లో సీసా నిల్వ పెట్టకపోవడం. వాళ్లే ఎంచుకున్నది చిన్నదైనా నిలుస్తుంది.

ఎంత సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవడానికి పది మార్కుల స్కేలు వాడతారు. పెద్దవాళ్లకు రూపాయి లెక్క బాగా అందుతుంది. "బాబాయ్, తగ్గించగలనని రూపాయికి ఎన్నణాల నమ్మకం ఉంది?" "ఆరణాలుంది." ఇక్కడ చాలామంది "ఆరే ఎందుకు, పది ఎందుకు కాదు?" అని అడిగి చెడగొడతారు. అలా అడిగితే ఆయన చేయలేకపోవడానికి కారణాలు ఏకరువు పెడతాడు. తిప్పి అడగండి: "రెండణాలు అనకుండా ఆరన్నారే, ఆ నాలుగణాలు ఎక్కడివి?" అప్పుడు "అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నలభై రోజులు ముట్టలేదు కదా" అన్న జవాబు వస్తుంది. అదే మీకు కావాల్సిన పట్టు. మాలలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఎలా గడిచాయి, ఎవరితో తిరిగారు, ఏం తిన్నారు, ఇరుముడి దించిన రోజు ఏం జరిగిందో అడగండి. ఆయన పాటించదగ్గ ప్రణాళిక ఆ జవాబుల్లోనే ఉంటుంది.

దావత్‌లో, పెళ్లిలో "ఒక్క పెగ్గేరా" అనేవాళ్లకు ఏం చెప్పాలో ముందే అనుకోమనండి. "మానేశాను" అంటే పందెం కడతారు. "షుగర్ మాత్రలు మొదలుపెట్టారు, డాక్టరు అస్సలు వద్దన్నాడు" అంటే వదిలేస్తారు. తాగాలన్న యావ లేచినప్పుడు పదిహేను ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే దానంతటదే దిగుతుంది. ఆ కాసేపు కడుపు నిండా ఏదైనా తినడం, అక్కడి నుంచి లేచి నడవడం, ఒక మనిషికి ఫోన్ చేయడం. ఆ మనిషి పేరు ఇప్పుడే, మీ ముందే రాయించండి.

దీనివల్ల ఎంత లాభం ఉంటుందో ఉన్నదున్నట్టు తెలిసి ఉండాలి. ఎన్నో పరిశోధనలను కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష 2018లో వచ్చింది. దాని ప్రకారం, ఇలాంటి సలహా అందుకున్నవాళ్లు ఏడాది తర్వాత అందనివాళ్ల కన్నా వారానికి సగటున 20 గ్రాములు, అంటే రెండు పెగ్గులు, తక్కువ తాగారు. ఒక్క మనిషికి చిన్న తగ్గుదలే. ఓపీలో ప్రతివాళ్లనీ అడిగితే ఊరి మొత్తానికి పెద్దదవుతుంది. కౌన్సెలింగు డాక్టరే చేయాలన్న నియమం కూడా లేదు. గోవాలో శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు పీహెచ్‌సీలకు వచ్చిన మగవాళ్లతో గరిష్ఠంగా నాలుగు సిట్టింగులు మాట్లాడారు. మూడు నెలల తర్వాత ప్రమాద స్థాయి నుంచి బయటపడినవాళ్లు ఆ గుంపులో 36 శాతం, మామూలు సేవలు అందినవాళ్లలో 26 శాతం. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

ఉన్నట్టుండి మానితే

రోజూ ఎక్కువ మోతాదులో, ఏళ్ల తరబడి తాగినవాళ్ల మెదడు మద్యం నొక్కిపెట్టే బలానికి ఎదురు నెడుతూ అలవాటుపడి ఉంటుంది. మద్యం ఒక్కసారిగా తీసేస్తే ఆ నెట్టుడు ఒక్కటే మిగులుతుంది. చివరి గుటక తర్వాత 6 గంటల నుంచి చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. 6–48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48–96 గంటల మధ్య అసలు ప్రమాదం: జ్వరం, తీవ్రమైన వణుకు, ఎక్కడున్నారో తెలియకపోవడం, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు, గోడల మీద మనుషులున్నట్టు కనిపించడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఊళ్లో మాత్రం ‘గాలి సోకింది’ అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఈ లక్షణాలతో వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ఆస్పత్రిలో ఆపరేషన్ కోసం చేరి మూడో రోజు మంచం దిగి పారిపోవాలని చూసే రోగి, మాల వేసుకున్న రెండో రోజున ఫిట్స్ వచ్చిన భక్తుడు, పెద్దమనుషుల ముందు ఒట్టు వేసి ఆపేసిన కూలీ, అందరిలోనూ జరిగేది ఇదే.

తెలంగాణలో ఇంకొకటి అడగాలి: కల్లు ఏ దుకాణంలో, తాగకపోతే ఏమవుతుంది? కల్తీ కల్లులో అల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర మత్తు మందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఫిట్స్, మెడ వంకర్లు, పిచ్చి చూపులతో జనం ఆస్పత్రులకు చేరారు. మద్యంతో పాటు నిద్రమాత్రలకు కూడా అలవాటైన శరీరాలవి. వాళ్లలో లక్షణాలు ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు ఉండవచ్చు, మాత్ర మోతాదు కూడా మెల్లగా తగ్గించాలి.

ఇంట్లో మాన్పించవద్దు, ఆస్పత్రిలో చేర్చాలి అని చెప్పాల్సినవాళ్లు వీళ్లు: ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ లేదా మతి తప్పడం జరిగినవాళ్లు, రోజూ ఫుల్లు బాటిల్ స్థాయిలో తాగేవాళ్లు, కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతులు ఉన్నవాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు, అల్ప్రజోలం అలవాటున్నవాళ్లు, చూసుకునే మనిషి లేనివాళ్లు, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లు.

మిగతావాళ్లకు డాక్టరు పర్యవేక్షణలో ఇంటి దగ్గరే చేయవచ్చు. తీవ్రతను ‘సీవా’ స్కేలుతో కొలుస్తారు. పది అంశాలు, మొత్తం 67. 8 లోపు తేలిక, 8–15 మధ్యస్థం, 15 దాటితే తీవ్రం, ఇంట్లో ఉంచకూడదు. మధ్యస్థానికి డాక్టర్లు సాధారణంగా క్లోర్డయాజెపాక్సైడ్ 25 మి.గ్రా. రోజుకు మూడు నాలుగుసార్లతో మొదలుపెట్టి 5–7 రోజుల్లో తగ్గించుకుంటూ ఆపుతారు. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు, వృద్ధులకు లోరాజెపామ్ మేలు. మాత్రలు రోగి చేతికి ఇవ్వకూడదు. రెండు రోజులకు సరిపడా మాత్రమే ఇంట్లో మనిషికివ్వాలి. మాత్ర వేసుకుని తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, ఆ మాట ఇద్దరికీ చెప్పాలి. మొదటి మూడు రోజులు ఏఎన్ఎం గానీ నర్సు గానీ రోజూ వెళ్లి చూడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలతో సొంతంగా మాన్పించే ప్రయత్నం వద్దు. ఒక వ్యసనం పోయి రెండోది అంటుకునేది అక్కడే.

గ్లూకోజ్ బాటిల్ గురించి గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించడం మామూలు. ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో విటమిన్ బి1, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఆ విటమిన్ కావాలి. ఉన్న కాస్తా అయిపోతే మెదడు దెబ్బతింటుంది: తికమక, కళ్లు అటూ ఇటూ ఊగడం లేదా కదలకపోవడం, కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడవడం. పట్టించుకోకపోతే జ్ఞాపకశక్తి మళ్లీ రానంతగా పోతుంది. అందుకని ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. షుగర్ నిజంగా పడిపోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా రెండూ కలిపి ఇవ్వాలి. తేలికపాటివాళ్లకు థయమిన్ మాత్ర 100 మి.గ్రా. రోజూ ఇస్తారు. పైన చెప్పిన మూడు లక్షణాల్లో ఒక్కటి కనిపించినా మాత్ర చాలదు, నరానికి పెద్ద మోతాదు కావాలి, ఆస్పత్రికి పంపాలి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ తగిలేవి తీసేయండి, 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు. వణుకు ఆపడానికి హాలోపెరిడాల్ (మతిభ్రమకు వాడే మందు) ఒక్కటే ఇవ్వడం కూడా పొరపాటు, అది ఫిట్స్‌కు దారి సులువు చేస్తుంది.

తర్వాత వాడే మాత్రలు

వణుకు తగ్గి వారం తిరిగేసరికి ‘నయమైంది’ అనుకుని ఇంటికి పంపేస్తారు. చికిత్స అసలు మొదలయ్యేది అప్పుడే. యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజుకొకటి. నల్లమందు తరహా నొప్పి మందులు వాడేవాళ్లకు, కాలేయం బాగా చెడినవాళ్లకు పనికిరాదు. అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడు పూటలు. కాలేయానికి ఇబ్బంది లేదు, కిడ్నీ పరీక్ష మాత్రం చేయించాలి. కాలేయం గట్టిపడినవాళ్లకు డాక్టర్లు బాక్లోఫెన్ ఎంచుకుంటారు. ఏదైనా కనీసం ఆర్నెల్లు వాడాలి.

డైసల్ఫిరామ్ సంగతి వేరు. ఇది యావ తగ్గించదు. దీన్ని వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం, కొందరికి ప్రాణాపాయం. తాగి కనీసం 12 గంటలు దాటాకే మొదలుపెట్టాలి, ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. మనిషికి అన్నీ తెలిసి, ఒప్పుకుని, భార్యో తల్లో చూస్తుండగా రోజూ వేసుకుంటే పనిచేస్తుంది.

‘తెలియకుండా కూరలో కలపండి, పది రోజుల్లో తాగుడు బంద్’ అని అమ్మే పొడులు ఊరూరా ఉన్నాయి. వాటిలో ఏముందో సీసా మీద ఉండదు. తెలిసిన డైసల్ఫిరామే అయినా దొంగచాటుగా కలపడం ఆ మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. తనకు మాత్ర పడుతోందని తెలియదు కాబట్టి ఆ సాయంత్రం ఎప్పటిలాగే క్వార్టర్ తాగుతాడు. విసిగిపోయిన ఇల్లాలు ఇలాంటి పొడి కొన్నదని తెలిస్తే ఆమెను తిట్టకండి. ఆ పొడి పక్కన పెట్టించి, డాక్టరు దగ్గరికి రావడానికి దారి చూపండి.

ఇంట్లోవాళ్లకు

తాగి ఉన్నప్పుడు వాదన పెట్టుకోవద్దు, పొద్దున మాట్లాడండి. తలమీద చెయ్యి పెట్టించి ఒట్లు వేయించడం వల్ల లాభం లేదు. తప్పిన ప్రతి ఒట్టుతో ‘నా వల్ల కాదు’ అన్న నమ్మకం గట్టిపడుతుంది. తాగని రోజును గుర్తించి ఒక మాట అనండి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టమనండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే ఈ రోజే తాళం వేసిన చోట పెట్టండి. నిషాలో క్షణంలో తీసుకున్న నిర్ణయాలకు అదే అందుబాటులో ఉంటుంది. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మద్యం, మత్తు పదార్థాల సలహాకు 14446. కొడుతుంటే మానేదాకా ఓర్చుకోమని ఆమెకు ఎవరూ చెప్పకూడదు. మహిళా హెల్ప్‌లైన్ 181.

డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమనండి. రోజూ డాక్టరు వస్తారా, కుటుంబాన్ని కలవనిస్తారా, వణుకు వచ్చినప్పుడు ఏ మాత్ర ఇస్తారు అని అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషిద్ధం. కొట్టి మాన్పిస్తామనేవాళ్ల దగ్గర ఫీజు కట్టకండి. ఎర్రగడ్డలో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, జిల్లా ఆస్పత్రుల్లో చికిత్స దొరుకుతుంది. కోలుకున్నవాళ్లు నడిపే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు చాలామందికి ఆసరా, వాటికి రుసుము లేదు.

మళ్లీ చూడటం

వారానికి, నెలకు, మూడు నెలలకు తేదీలు ముందే రాసివ్వండి. ఆడిట్ గడచిన ఏడాది గురించి అడుగుతుంది, కాబట్టి నెల తిరక్కుండానే మళ్లీ వేస్తే మార్పు కనబడదు. బదులుగా పోయిన వారంలో ఎన్ని రోజులు, ఎన్ని డ్రింకులు అన్నది రాసుకోండి, క్యాలెండర్లో సున్నాలు లెక్కపెట్టండి. కాలేయం పరిస్థితి చెప్పే జీజీటీ రక్తపరీక్ష మొదట్లో పెరిగి ఉంటే, మానాక కొన్ని వారాల్లో దిగుతుంది. ఆ కాగితం చూపిస్తే కౌన్సెలింగు కన్నా బాగా నమ్ముతారు. మనిషిని పసిగట్టడానికి మాత్రం రక్తపరీక్షల మీద ఆధారపడవద్దు, బాగా తాగేవాళ్లలో కూడా అవి మామూలుగా రావచ్చు.

నలభై రోజులు మాని సంక్రాంతికి ఒక రాత్రి తాగినవాళ్లు సిగ్గుతో మీ దగ్గరికి రావడం మానేస్తారు. అందుకే మొదటి రోజే చెప్పి ఉంచండి: "మధ్యలో జారితే ఆ మర్నాడే రండి, ఏమీ అనను." తేదీ దాటిపోతే మీరే ఫోన్ చేయండి. వచ్చాక అడగాల్సినవి మూడే: ఆ రోజు ముందు ఏం జరిగింది, ఎంత తాగారు, ఎన్నో రోజున ఆపారు. వరసగా తాగడం మొదలై పొద్దున చేతులు వణుకుతున్నాయంటే ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్న ప్రశ్నల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.